ముద్దాయి హక్కులు - పొరుగువాని బాధ్యత

(బోగోలులో పఠనాలయ సభ్యుల యెదుట చేసిన యుపన్యాసపు పాఠము)



నేడు నేను చెప్పబూనిన విషయము చెవుల కింపైనది కాదు. కోర్టు, పోలీసు, జైలు అను మాటలను శుభకార్యము తలపెట్టిన యింట నెవ్వరు నుచ్చరింపరు. కోర్టు గడప త్రొక్కకుండుటయే మర్యాదస్థుని లక్షణమని మనవారి నమ్మకము. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ నమ్మకము వలన మనకొక పెద్ద నష్టము కలిగినది. మర్యాదస్థులు వలదని విడిచిన విద్యను దళారులు నేర్చికొనిరి. ఊరిలో నొకనిని పోలీసులు తీసికొనిపోయిన నాడు అతని భార్య మన గుమ్మము ముందు నిలిచి "అయ్యా, ఇప్పుడేమి చేయవలెను?" అని యడిగినచో, నాలుగక్షరములు వచ్చిన మనము సైతము బదులు చెప్పలేక, స్టేషనులో పలుకుబడి గలవాడెవడా యని వెదకుచున్నాము. చట్టము తెలిసినవానిని వెదకుట మనకు తోచదు.

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఒకని చేతికి బేడీలు పడినంతనే ఈ సామెత చెప్పి రచ్చబండమీద తీర్పు ముగించుచున్నాము. సామెతలు లోకానుభవము నుండి పుట్టినవే కాని, శిక్షాస్మృతిలోని సెక్షనులు కావు. నేరము మోపబడుట వేఱు. నేరము రుజువగుట వేఱు. ఈ రెంటి నడుమ చట్టము కొన్ని మెట్లు కట్టినది. ఆ మెట్లన్నియు నెక్కక ఒక మనుష్యుని నేరస్థుడనుటకు ప్రభుత్వమునకు గాని, పత్రికకు గాని, మనకు గాని యధికారము లేదు.

ఆ మెట్లలో మొదటిది యిది. నేరము చేసితివని యనువాడే దానిని రుజువు చేయవలెను. చేయలేదని రుజువు చేసికొను భారము సాధారణముగా ముద్దాయిపై నుండదు. ఏలయన, ఒక ప్రక్క ప్రభుత్వమున్నది. దానికి పోలీసులున్నారు, ప్రయోగశాలలున్నవి, ప్రాసిక్యూటరున్నాడు, ధనమున్నది. రెండవ ప్రక్క బోనులో నొక్క మనుష్యుడున్నాడు. అతడు జువ్వలదిన్నె రేవులో వలలాగు బెస్త కావచ్చును, బిట్రగుంట స్టేషనులో మూటలు మోయు కూలి కావచ్చును. ఈ త్రాసు సమముగ నుండవలెనన్న తేలికయైన తట్టలో నేదో యొక బరువు వేయక తప్పదు. ఆ బరువునకే ముద్దాయి హక్కులని పేరు. అవి దొంగపై దయతో నిచ్చిన భిక్ష కాదు. న్యాయాధిపతి త్రాసు వంగకుండుటకు వేసిన పడికట్టు రాళ్ళు.

దేశభక్తులలో కొందఱికి దీనిపై నొక సందేహము కలదు. మన పెద్దలు కోర్టులలో తప్పించుకొన జూచిరా? 1922 మార్చి 18వ తేదీని అహమ్మదాబాదులో గాంధీమహాత్ముడు రాజద్రోహాభియోగమును స్వయముగ నంగీకరించి ఆరేండ్ల శిక్షను తలవంచి స్వీకరింపలేదా? అంతకు పూర్వము 1908లో మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బెజవాడ "స్వరాజ్య" పత్రికలోని వ్రాతకై రాజద్రోహ శిక్ష పొంది మూడేండ్లు చెఱసాలలో నుండలేదా? అట్టివారి వారసులకు హక్కులు, వకీళ్ళు, బెయిళ్ళు అను మాటలేల యని వారి ప్రశ్న.

గాంధీగారు బారిష్టరు. తాను నిరాకరించుచున్న రక్షణ యెట్టిదో, తాననుభవింపబోవు శిక్ష యెంతటిదో ఆయన కక్షరాక్షరము తెలియును. తెలిసి స్వీకరించిన శిక్ష త్యాగమగును. తెలియక వ్రేలిముద్ర వేసి తెచ్చికొన్న శిక్ష త్యాగము కాదు, దౌర్భాగ్యము. మఱియు హరిసర్వోత్తమరావుగారు చెఱ వదలిన పిదప తన జీవితమును దేనికి ధారపోసిరో గమనింపుడు. గ్రంథాలయములకును, వయోజన విద్యకును! ప్రజ చదువనిచో స్వరాజ్యము కాగితముమీదనే నిలుచునని వారెఱుగుదురు. చట్టమునందలి హక్కుల గతియు నంతియే.

ఇప్పుడు చట్టములు మారినవి. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితయు, 1872 నాటి సాక్ష్యపు చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమమును 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. పేరులు మారినను, సెక్షనుల సంఖ్యలు మారినను, నేను చెప్పబోవు మూలసూత్రములు మారలేదు. వాటికి రాజ్యాంగములోని 20, 21, 22 అధికరణములు పునాదులు.

విచారణ కోర్టులో మొదలగునని మనము తలచుచున్నాము. కాదు. అది పట్టుకొన్న గడియనే మొదలగును. పట్టుకొన్న యధికారి, ఏ కారణముచేత పట్టుకొనుచున్నాడో చెప్పవలెను. ఆ కారణములను ముద్దాయి కర్థమగు భాషలో వ్రాసి యీయవలెనని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టము చేసినది. అరెస్టు మెమో యొకటి వ్రాయవలెను. ఎక్కడ నుంచిరో బంధువునకో మిత్రునకో తెలుపవలెను. వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను. ప్రయాణకాలము పోను 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలెను. ప్రశ్నించునప్పుడు న్యాయవాదిని కలిసికొనుటకు ముద్దాయికి హక్కు కలదు. అయితే ప్రశ్నించినంతసేపును న్యాయవాది ప్రక్కనుండుటకు వీలులేదు. స్త్రీని సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు, ప్రత్యేక పరిస్థితులలో మేజిస్ట్రేటు అనుమతితో, స్త్రీ పోలీసు అధికారి ద్వారా తప్ప, అరెస్టు చేయరాదు. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములలో, కారణములు వ్రాసి చూపిననే తప్ప, ముందుగా హాజరు కమ్మని నోటీసిచ్చుటయే పద్ధతి.

ఈ మెమో సంగతి మీరు ప్రత్యేకముగ గమనింపవలెను. దానిపై సాక్షిగా నెవరు సంతకము చేయవలెనని చట్టము చెప్పుచున్నది? ముద్దాయి కుటుంబములోని వాడు. లేనిచో ఆ ప్రాంతపు గౌరవనీయుడగు వ్యక్తి. అయ్యలారా, ఆ గౌరవనీయుడగు వ్యక్తి యెవరు? ఈ పఠనాలయములో కూర్చున్న మీరే! ఆ కాగితముపై తేదీయు, గంటయు నుండును. ఇరువదినాలుగు గంటల గడువు ఆ గంటనుండియే లెక్కింపబడును. అర్ధరాత్రి పట్టుకొన్నవానిని మఱునాటి సాయంకాలము పట్టుకొన్నట్లు వ్రాసిన కాగితముపై మీరు చదువక సంతకము చేసితిరేని, ఆ పదునెనిమిది గంటలు ఆ మనుష్యుని జీవితమునుండి చట్టమునకు కనబడకుండ మాయమగును. వాటిని మాయము చేసినది స్టేషను రైటరు కలము మాత్రమే కాదు; మీ కలమును.

ఇక రెండవ సంతకము. సోదాలకును, వస్తువులు పట్టుబడునప్పుడును ఇద్దఱు మధ్యవర్తులను పిలుతురు. అచ్చటి నివాసులై, పక్షపాతము లేక, గౌరవము గలవారై యుండవలెనని చట్టము. ఇప్పుడు సోదా తతంగమునంతటిని దృశ్య శ్రవణ రూపమున చిత్రించవలెనని క్రొత్త సంహిత యాదేశించినది. అయినను మధ్యవర్తి స్థానము పోలేదు. చూచిన దానికి సంతకము చేయుట పౌరధర్మము. చూడని దానికి సంతకము చేయుట అసత్యసాక్ష్యమునకు బయానా.

ఈ సందర్భమున మన తెలుగుదేశము నుండియే పుట్టి, భారతదేశపు కోర్టులన్నిటిలోను నేటికిని వినవచ్చు కేసు నొకదానిని చెప్పెదను. అది గుంటూరు జిల్లా నుండి పోయిన పులుకూరి కోటయ్య కేసు. రెండు కక్షల నడుమ దొమ్మీ జరిగి ఇద్దఱు హతులైరి. ముద్దాయిలకు హత్యానేరము స్థిరపడినది. అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయి 1946 డిసెంబరులో తీర్పు వచ్చినది. పోలీసు అధికారి యెదుట ముద్దాయి చెప్పినట్లు వ్రాసిన కాగితములో రెండు సంగతులున్నవి. మేము పొంచియుండి కొట్టి చంపితిమి అనునది యొకటి. ఈటెను ఫలానావాని గడ్డివామిలో దాచితిని, వచ్చిన చూపెదను అనునది రెండవది. ఈటె దొరకినది గనుక మొత్తము కాగితమును సాక్ష్యముగ గైకొనవలెనని ప్రభుత్వ పక్షము వాదించెను.

ప్రీవీ కౌన్సిలు ఒప్పుకొనలేదు. పోలీసుల యెదుట చెప్పిన నేరాంగీకారము చెల్లదని చట్టము కట్టడి చేసినది. వస్తువు దొరకినదను నెపముతో ఆ యంగీకారమునంతటిని లోపలికి తెచ్చినచో ఇక ఆ కట్టడికి విలువయేమి? కనుక దాచిన చోటును, ఆ చోటు ముద్దాయికి తెలియుననుటను తెలుపు మాటలంతవఱకే సాక్ష్యము. చంపితిమన్న మాట సాక్ష్యము కాదు. అట్లని ముద్దాయిలను విడిచిపెట్టనును లేదు. తక్కిన సాక్ష్యముమీద శిక్ష నిలుచునో లేదో చూడుడని మద్రాసు హైకోర్టునకు కేసు త్రిప్పి పంపిరి. గుంటూరు జిల్లా గ్రామస్థుల తగవులో పుట్టిన యీ సూత్రము, 2023 నాటి సాక్ష్య అధినియమములోని 23వ సెక్షనునకును నేడు భాష్యముగ నిలిచియున్నది.

దీనినుండి మనము నేర్వవలసిన దేమి? "నిందితుడు నేరము నంగీకరించినాడు" అని పత్రికలో చదివినప్పుడు, అది స్టేషనులో నంగీకరించినదైనచో కోర్టులో దానికి కానివిలువ లేదని గుర్తుంచుకొనవలెను. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొను వాంగ్మూలముపై చెప్పినవాని సంతకము తీసికొనరాదని చట్టమే చెప్పుచున్నది. తనకు ముప్పు తెచ్చు ప్రశ్నకు బదులీయకుండు హక్కు రాజ్యాంగమే యిచ్చినది. తెల్లకాగితముపై సంతకము, చదువని కాగితముపై వ్రేలిముద్ర, ఈ రెండును చేయరాదని మన ఊరిలో ప్రతి యింట చిన్నపిల్లలకు గూడ తెలియవలెను.

మూడవ సంతకము జామీనుది. రిమాండు శిక్ష కాదు. దర్యాప్తు నిమిత్తము కోర్టు ఉత్తరువుతో నుంచు నిర్బంధము మాత్రమే. మరణశిక్ష, యావజ్జీవము, పదేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములలో 90 దినములు, తక్కిన వానిలో 60 దినములు గడచినను ఛార్జిషీటు దాఖలు కానిచో, బెయిలు ముద్దాయి హక్కగును. కాని ఛార్జిషీటు వచ్చులోపల దరఖాస్తు చేయవలెను. అడుగకున్న నా హక్కు జారిపోవును! మునుపెన్నడును ఏ నేరమునకును దోషిగ నిర్ణయింపబడనివాడు, తనపై మోపబడిన నేరమునకు గల గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలమును, ఇతరులు సగము కాలమును విచారణ ఖైదీలుగ గడపినచో, మరణశిక్ష, యావజ్జీవశిక్షగల నేరములును, పెక్కు కేసులున్న వారును మినహాగా, బెయిలుపై విడువవలెనని సంహితలోని 479వ సెక్షను చెప్పుచున్నది. అందుకై కోర్టునకు వ్రాయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుపై నుంచినది.

అయినను బెయిలు ఉత్తరువు చేతికి వచ్చిన పిదప గూడ జైలులోనే మ్రగ్గువారు కలరు. పూచీ యిచ్చువాడు దొరకడు. 1978లో మోతీరాం కేసులో, ఒక తాపీమేస్త్రీకి పదివేల రూపాయల పూచీ విధించి, అన్యజిల్లావాని పూచీని త్రోసివేసిన సంగతిని విచారించి, జస్టిసు కృష్ణయ్యరుగారు బీదవానికి బెయిలు అందని ద్రాక్ష కారాదని గట్టిగ చెప్పిరి. పూచీ యనగా ముద్దాయి మంచివాడని ప్రమాణము చేయుట కాదు. వాయిదాకు వచ్చునని హామీ యిచ్చుట. వాడు రాకున్న సొమ్ము చెల్లింపవలసి వచ్చును గనుక మనిషి నెఱిగి యీయవలెను. ఎఱిగియు, పరువు పోవునని వెనుదీయుట మాత్రము పరువు కాదు.

ఇక కోర్టులోనికి పోవుదము. పోలీసు రిపోర్టు, సాక్షుల వాంగ్మూలములు మొదలగు కాగితముల ప్రతులను ముద్దాయి కుచితముగ నీయవలెను. కేసులో పసలేనిచో విచారణకు ముందే విడుదల కోరవచ్చును. లేనిచో అభియోగమును చదివి, అర్థమగునట్లు చెప్పి, ఒప్పుకొందువా యని యడుగుదురు. తరువాత ప్రాసిక్యూషను సాక్షులు. సాక్ష్యము ముద్దాయి యెదుటనో అతని వకీలు యెదుటనో జరుగవలెను. అతనికి రాని భాషలో జరిగినచో తెలిపి చెప్పవలెను. అడ్డుప్రశ్నలు వేయుట సాక్షి నవమానించుటకు కాదు. చూచిన దెంత, విన్న దెంత, ఇతరులు చెప్పించిన దెంత యని తూర్పారబట్టుటకు. పిదప న్యాయాధిపతి, వచ్చిన సాక్ష్యముమీద ముద్దాయిని ప్రశ్నించును. అప్పుడు ప్రమాణము చేయింపరు, బదులీయకున్నను శిక్షలేదు. భయముతో "నాకు తెలియదు" అని అన్నిటికి నొకటే పాట పాడుటకంటె, తన పక్షపు సంగతిని సూటిగ చెప్పుకొనుట కదియే తరుణము. తన సాక్షులను తెచ్చుకొనవచ్చును. వాదములు, తీర్పు, శిక్ష పడినచో తీర్పు ప్రతి యుచితము, ఆపై అప్పీలు. తప్పించుకొని తిరిగినచో కేసు ఆగునను భ్రమ వలదు. ఘోరనేరములలో పరారీయైనట్లు ప్రకటింపబడినవాడు లేకుండనే విచారణ జరుపుటకు క్రొత్త సంహిత వీలు కల్పించినది.

ఇన్ని మెట్లు కట్టినను కాలుజారుట కలదు. 2007 డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నములోని వసతిగృహమున నొక విద్యార్థిని దారుణముగ హత్య గావింపబడినది. లోకమంతయు దోషిని చూపుమని కేకలు వేసెను. 2008లో నొక యువకుని పట్టుకొనిరి. 2010లో విజయవాడ కోర్టు అతనిని దోషిగ నిర్ణయించెను. 2017 మార్చి 31వ తేదీని హైకోర్టు, అతనిపై నేరము రుజువు కాలేదని విడిచిపెట్టి, లక్ష రూపాయలు చెల్లింపుమని ప్రభుత్వము నాదేశించెను. ఎనిమిదేండ్లకు పైగా నతడు చెఱలో నుండెను. 2018లో ఆ కేసును మరల దర్యాప్తు చేయుటకు హైకోర్టు సి.బి.ఐ. కప్పగించెను.

ముద్దాయిలకు హక్కులిచ్చిన నేరస్థులు తప్పించుకొందురని యనువారికి నా బదులు ఈ కేసులోనే యున్నది. ఆ యెనిమిదేండ్లు ఎవరికి లాభించినవి? చనిపోయిన బిడ్డ తల్లికి న్యాయము కలుగలేదు. చెఱలోని యువకుని యౌవనము పోయినది. ఒకనిని దోషియని చూపి కేసు మూసిన పిదప అసలు హంతకుని వెదకువా డుండడు. నిర్దోషి చుట్టు కట్టిన గోడ వెనుక దోషి సుఖముగ నిద్రించును. కావున ముద్దాయి హక్కులు బాధితుని హక్కులకు శత్రువులు కావు. ఫిర్యాదికిని హక్కులున్నవి: ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగ పొందవచ్చును, ముద్దాయిని విడిచినచో బాధితుడు అప్పీలు చేయవచ్చును. రెండు పక్షములును కోరదగినది యొక్కటే, సరియైన మనుష్యునిపై సరియైన రుజువు.

వకీలు కిచ్చుటకు సొమ్మెక్కడిదని యడుగుదురు. బీదవానికి ప్రభుత్వము తన ఖర్చుతో న్యాయవాది నీయవలెనని చట్టము. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, నిర్బంధములో నున్నవారు మొదలగువారికి ఆదాయముతో నిమిత్తము లేకయే 1987 నాటి న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టము క్రింద సహాయము దొరకును. నెల్లూరులో జిల్లా సంస్థ కలదు. 15100 అను నెంబరునకు ఫోను చేయుటకు రుసుము లేదు. అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. ఇది ధర్మముగ నిచ్చునది కాదు, హక్కుగ వచ్చునది.

మీకు నా మనవి యిది. ఈ పఠనాలయపు గోడమీద ఒక పలకపై 15100 అను సంఖ్యయు, 24 గంటలు అను మాటయు, తెల్లకాగితముపై సంతకము చేయవలదను హెచ్చరికయు వ్రాసి పెట్టుడు. నాగరిక సురక్షా సంహిత తెలుగు ప్రతి నొకదానిని బీరువాలో నుంచి తాళము వేయక, బల్లమీద నుంచుడు. మీలో నలుగురు, ఎవరిని పట్టుకొనిపోయినను కులము, కక్ష చూడక, స్టేషనునకు పోయి మెమోను చదివి, ఉన్నది ఉన్నట్లుగ నుండిననే సంతకము చేసెదమని నిశ్చయించుకొనుడు. పోలీసులతో జగడము వలదు. వారును మనబిడ్డలే; చట్టము తెలిసిన పౌరుడు ప్రక్కనుండిన నిజాయితీగల యధికారికి బలమే కాని భయము లేదు.

మనలో బోనెక్కువారు కొందఱే. కాని మెమోపై సాక్షి సంతకము, సోదాలో మధ్యవర్తి సంతకము, బెయిలులో పూచీదారు సంతకము, ఈ మూడును మన చేతిలోనివి. ఒకని స్వేచ్ఛ కొన్ని సమయములలో పొరుగువాని కలపు మొనపై నిలిచియుండును. ఆ కలమును చదివి కదలింపుడు.